అక్టోబర్ రెండో తేదీని దాటేశావు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ‘నౌకాదళ ధన్వంతరి’ రాతప్రతి చేరింది. మొదటిసారి 24వ పేజీ దాకా చదివి విసిరికొట్టాను. కోపం తగ్గాక మళ్ళీ తీసి చివరిదాకా చదివి, ఇదిగో ఇప్పుడు కూర్చున్నాను.

కేరీ గ్రేసన్ గురించి తెలుగులో ఎవరైనా రాస్తారని నేననుకోలేదు. అమెరికా అధ్యక్షుడుగా చేసిన ఉడ్రో విల్సన్ అంటే మనకి సాంఘికశాస్త్రంలో 14 సూత్రాలు, నానాజాతి సమితి, పరీక్షకి నాలుగు మార్కులు. ఆయన వెనక ఒక నౌకాదళ డాక్టరు ఉన్నాడని నీకు తట్టింది, సంతోషం. ప్యూబ్లో ఊరి ఘట్టం బాగా రాశావు. నానాజాతి సమితికి మద్దతు కోసం ఊరూరా తిరుగుతూ 1919 సెప్టెంబర్ 25న అక్కడ సభలో మాట్లాడి తలనొప్పితో కుదేలైన మనిషిని, కాస్త గాలి తగిలితే నయమని డాక్టరు దారిలో రైలు ఆపించి దించాడు. ఆయనా, భార్యా, డాక్టరూ రోడ్డు పట్టుకుని నడుస్తుంటే ఒక ముసలి రైతు కారు ఆపి, గుర్తుపట్టి, క్యాబేజీ గడ్డ, కొన్ని యాపిల్ పళ్ళు చేతిలో పెట్టాడు. నువ్వక్కడ ఒక్క విశేషణం కూడా వాడలేదు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆ రాత్రే రైలుపెట్టెలో విల్సన్ కూలబడిపోయాడు. మర్నాడు విచిటా దగ్గర పర్యటన రద్దుచేసి రైలుని వాషింగ్టన్‌కి మళ్ళించారు.

ఆ తర్వాత నువ్వేం రాశావో చూడు: ‘అనంతరం అధ్యక్షులు తీవ్ర అస్వస్థతకు గురికాగా గ్రేసన్ ఆయనను కంటికి రెప్పలా కాపాడుకున్నారు.’ అంతే. పక్క పేరాలో 1935 వచ్చేసింది, ఆయన అమెరికన్ రెడ్‌క్రాస్ అధ్యక్షుడైపోయాడు. మధ్యలో పదిహేనేళ్ళు ఏ గంగలో దూకాయి?

నువ్వు స్టాఫ్ నర్సువని, పక్షవాతం రోగుల వార్డులో రాత్రి డ్యూటీలు చేశావని నీ ఉత్తరంలోనే రాశావు. అందుకే నాకింత మంట. ఇంకెవరైనా ఆ వాక్యం రాసి ఉంటే ఊరుకునేవాణ్ణి. 1919 అక్టోబర్ 2 పొద్దున ఎడిత్ విల్సన్ చూసేసరికి భర్త ఎడమ చెయ్యి వేలాడిపోతోంది. గ్రేసన్‌ని పిలిపించమని ఫోన్ చెయ్యడానికి వెళ్ళి, తిరిగొచ్చేసరికి ఆయన బాత్రూం నేలమీద పడి ఉన్నాడు. డాక్టరు వచ్చి, లోపలికి వెళ్ళి, బయటికొస్తూ అధ్యక్షుడికి పక్షవాతం వచ్చిందని అన్నాడట. వైట్‌హౌస్ ఇంటి వ్యవహారాలు చూసే ఐక్ హూవర్ తర్వాతి రోజుల్లో ఆ సంగతి రాశాడు. ఫిలడెల్ఫియా నుంచి నరాల డాక్టరు డెర్కమ్‌ని పిలిపించారు. ఎడమవైపు మొత్తం పడిపోయిందని తేలింది. ఆ రాత్రి బయటికిచ్చిన బులెటిన్‌లో అధ్యక్షుడికి బాగా జబ్బుగా ఉందని, డెర్కమ్, రఫిన్, నౌకాదళానికే చెందిన స్టిట్, అందరూ ఏకాభిప్రాయంతో ఉన్నారని, పూర్తి విశ్రాంతి కావాలని ఉంది. ఏకాభిప్రాయం దేనిమీదో మాత్రం లేదు. పక్షవాతం అన్న మాటే లేదు.

ఒళ్ళు సగం పడిపోయిన రోగిని మంచంలో ఎలా తిప్పుతారో, వీపు ఒరుసుకుపోకుండా ఏం చేస్తారో, గుటక పడుతుందో లేదో ఎలా చూస్తారో, కేస్ షీటులో ఏ గంటకి ఏం రాస్తారో నీకు తెలుసు. నాకు తెలియదు. ఆ తెలివిడి నీ పుస్తకంలో ఒక్క పేజీలోనైనా ఉందా? నేను ముప్ఫై ఏళ్ళుగా అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఇదే చెప్తున్నాను: ఒక మనిషి జీవితం రాయాలంటే అతని పని రాయాలి. ఆ పని ఏ పూట అతని పీకమీదికొచ్చిందో ఆ పూట దగ్గర బైఠాయించాలి. పుట్టింది, చదివింది, పతకాలు, పదవులు అన్నీ రెండు పేజీల్లో తెమిలిపోతాయి. నువ్వు యూనిఫాం మీద గుర్తులకి నాలుగు పేజీలు పెట్టావు.

ఆ వాక్యం నువ్వెందుకు రాశావో ఊహించగలను. ‘స్ఫూర్తిదాయకంగా ఉండాలి’ అని నీకెవరో చెప్పి ఉంటారు. మన పత్రికలకి ఈ జబ్బు ఇప్పటిది కాదు. ఈమధ్య మరీ ముదిరింది, ఎనిమిది వందల మాటలు, పైన ఫొటో, కింద ‘ఇలాంటి మహనీయులు నేటి యువతకు ఆదర్శం’. ఆ ఆఖరి వాక్యం అచ్చుగుద్ది పెట్టుకుంటారేమో, ఎవరు చచ్చినా అదే.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ బతికే రోజుల్లో, డెల్టాలో ఒక ఊళ్ళో పేరున్న డాక్టరుగారికి షష్టిపూర్తి సంచిక రాసే పని దొరికింది. అద్దె బాకీ ఉంది, ఎగిరి గంతేశాను. సాయంత్రాలు ఆయన కన్సల్టింగ్ గదిలో కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఆయనే చెప్పుకొచ్చాడు. ఆ ఊరి మోతుబరి ఒకాయన మంచాన పడి ఉండగా కొడుకులు వీలునామా మీద వేలిముద్ర వేయించి, ‘మతి స్థిమితంగా ఉంది’ అని ఈయన చేత సర్టిఫికెట్ రాయించుకున్నారు. ఆ పొద్దున్నే ఆ ముసలాయన సొంత కూతుర్ని ‘ఎవరమ్మా నువ్వు’ అని అడిగాడట. ‘రాయనంటే ఆ వీధిలో నా ఆసుపత్రి ఉండేది కాదయ్యా’ అన్నాడు డాక్టరుగారు. అన్నది అన్నట్టు రాశాను. ఆయన చదివి, ఒక తేదీ దిద్ది, ఉండనియ్యమన్నాడు. ఇంట్లోవాళ్ళు ఉండనివ్వలేదు. ఆ అధ్యాయం పీకేసి అక్కడ మంత్రిగారి సందేశం వేశారు. నాకు సగం డబ్బే ముట్టింది. అదే అధ్యాయం ఒక వారపత్రికకి పంపితే, ఎడిటరుగారు అంచున ఎర్రసిరాతో ‘పాఠకులకు వైద్యులపై నమ్మకం సడలును’ అని రాసి తిప్పికొట్టాడు. ఆయనే తర్వాత ఊరూరా సభల్లో వాస్తవికత గురించి ఉపన్యాసాలిచ్చాడనుకో, అది వేరే సంగతి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, గ్రేసన్ కథ కూడా ఒక సర్టిఫికెట్ దగ్గరే ఉంది. అక్టోబర్ 3న విదేశాంగమంత్రి లాన్సింగ్ రాజ్యాంగం పట్టుకొచ్చి, అధ్యక్షుడు అశక్తుడైతే ఉపాధ్యక్షుడు బాధ్యతలు తీసుకోవాలన్న భాగం విల్సన్ కార్యదర్శి టమల్టీకి చూపించాడు. మరి అశక్తుడని ఎవరు ధ్రువీకరిస్తారని టమల్టీ అడిగాడు. నువ్వో డాక్టరో అన్నాడు లాన్సింగ్. టమల్టీ మండిపడ్డాడు. అంతలో గ్రేసన్ గదిలోకి వచ్చాడు, తాను ఆ పని చెయ్యనని చెప్పేశాడు. అమ్మాయ్, ఆ తలుపు తెరుచుకున్న క్షణం దగ్గర నీ పుస్తకం మొదలవ్వాలి! 6వ తేదీన మంత్రివర్గం సమావేశమైతే గ్రేసన్ వెళ్ళి, ఎవరి అనుమతితో కూర్చున్నారని అధ్యక్షుడు అడుగుతున్నాడని వాళ్ళకే చెప్పాడు. మరుసటి ఫిబ్రవరిలో లాన్సింగ్ ఉద్యోగం ఊడింది.

అతను ఎందుకు సంతకం పెట్టలేదు? ఇది నువ్వు తవ్వాల్సిన చోటు. అతను ఊరికే డాక్టరు కాడు, నౌకాదళ అధికారి. రోగి దేశాధ్యక్షుడే కాదు, ఆ దళానికి సర్వసేనాని కూడా. అమెరికా అధ్యక్షుల విహారనౌక మేఫ్లవర్‌ని నౌకాదళమే నడిపేది, దానిమీద సర్జనుగా పనిచేసిన గ్రేసన్ అలాగే వైట్‌హౌస్‌కి దగ్గరయ్యాడు. 1909 జనవరిలో అప్పటి అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ గుర్రం మీద వర్జీనియాలోని వారెంటన్ దాకా వెళ్ళి అదేరోజు తిరిగొచ్చినప్పుడు, సుమారు వంద మైళ్ళు, మంచువానలో వెంట వెళ్ళిన ముగ్గురిలో ఇతనొకడు. 1913 మార్చి 4న విల్సన్ పదవి చేపట్టిన రోజున ఆయన అక్క జారిపడి నుదురు చిట్లితే కుట్లేసింది ఇతనే. అక్కణ్ణుంచి విల్సన్ ఇంటి మనిషయ్యాడు. పొట్టలో గొట్టం వేసుకుని తనే కడుక్కుంటూ, పొడులు మింగే అలవాటున్న ఆ పెద్దమనిషి చేత అవన్నీ మాన్పించి గోల్ఫ్ ఆడించాడు. 1914 ఆగస్టులో మొదటి భార్య ఎలెన్ చనిపోతూ, నా భర్తని చూసుకుంటానని మాటివ్వమని ఈ డాక్టరునే అడిగింది. రెండో భార్య ఎడిత్ ఇతనికి పాత స్నేహితురాలు, ఇతను పెళ్ళాడింది ఆమె స్నేహితురాలినే. ఇక నౌకాదళంలో పెద్ద హోదా, రేర్ అడ్మిరల్ పదోన్నతి! తనకన్నా సీనియర్లు ఎందరో ఉండగా వాళ్ళందర్నీ దాటించి విల్సన్ ఇతని పేరు పంపితే సెనేట్‌లో పెద్ద రభస జరిగింది. నువ్వు దీన్ని ‘ప్రతిభకు దక్కిన గుర్తింపు’ అన్నావు. ఆ పదోన్నతి ఇచ్చిన చేతికే మూడేళ్ళ తర్వాత ఇతను నాడి పట్టుకు చూడాలి. ఆ ఇరకాటం నీకు కనబడలేదా?

అతన్ని దోషిని చెయ్యమనడం లేదు. నీ రాతలో అతను దేవుడు, ఇంకొకరి రాతలో దొంగ. రెండూ సులువే. దశాబ్దాల తర్వాత బయటపడ్డ అతని కాగితాల్లో ఒకటుంది. జబ్బు సంగతి పైపైన తప్ప చెప్పకపోవడానికి కారణం, ఇంకో దారికి శ్రీమతి విల్సన్ ససేమిరా ఒప్పుకోకపోవడమేనని అందులో రాసుకున్నాడు. అంటే నిజం రాసిపెట్టుకున్నాడు, బయటికి ఇవ్వలేదు. అలాంటి మనిషి రాత్రిళ్ళు ఇంటికెళ్ళి ఏం చేస్తాడో మనకి తెలియదు, ఊహించి రాయకు కూడా. ఆ బులెటిన్‌నీ ఆ కాగితాన్నీ పక్కపక్కన పెట్టు చాలు.

డిసెంబర్ 5 కూడా రాయి. అధ్యక్షుడికి మతి ఉందో లేదో చూసి రమ్మని సెనేట్ ఇద్దర్ని పంపింది, ఒకరు ప్రతిపక్షం ఫాల్, ఇంకొకరు సొంత పార్టీ హిచ్‌కాక్. విల్సన్ మంచంలో ఉన్నాడు, దుప్పటి గడ్డం దాకా కప్పి ఉంది, కుడిచెయ్యి ఒక్కటే బయట. మీకోసం ప్రార్థిస్తున్నామని ఫాల్ అంటే, ఎటువైపుగా అని అడిగాడని చెప్పుకుంటారు. మెక్సికోలో పట్టుబడ్డ అమెరికా రాయబార అధికారి జెంకిన్స్ విడుదలయ్యాడన్న కబురు సరిగ్గా అప్పుడే గ్రేసన్ లోపలికొచ్చి చెప్పాడు. వచ్చినవాళ్ళు సంతృప్తిగా వెళ్ళిపోయారు. దుప్పటి అలా సర్దడానికి ఎంతసేపు పడుతుందో, రోగి నొప్పికి మొహం చిట్లించకుండా ఎలా సర్దాలో నీకు తెలిసినంత ఏ చరిత్రకారుడికి తెలుసు? రోగి పడిపోయిన నెలల్లోనే, 1919 నవంబర్‌లో ఒకసారి, 1920 మార్చిలో ఇంకోసారి, నానాజాతి సమితి కూడా అందులో భాగమైన వర్సేల్స్ శాంతి ఒప్పందం సెనేట్‌లో వీగిపోయింది. అమెరికా నానాజాతి సమితిలో చేరనేలేదు. డాక్టరు సంతకం పెట్టి ఉంటే మారేదా అన్నది వాదించి లాభం లేదు, తేదీలు మాత్రం వదలకు. రక్తనాళంలో గడ్డకట్టి ఎడమ కాలూ చెయ్యీ దెబ్బతిన్నాయని 1920 ఫిబ్రవరిలో బాల్టిమోర్ పత్రికకి చెప్పింది బయటి డాక్టరు, జాన్స్ హాప్‌కిన్స్ హ్యూ యంగ్. అప్పటికి నాలుగు నెలలు దాటాయి.

ఆఖరి అధ్యాయంలో ‘గురుశిష్య పరంపర’ అన్నావే, అది చదివి నవ్వొచ్చింది. తర్వాతి కాలపు అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కి ముక్కు, చెవి, గొంతు డాక్టరైన రాస్ మాకింటైర్ పేరు చెప్పింది గ్రేసనే, నిజమే. ఆ మాకింటైర్ నౌకాదళ సర్జన్ జనరల్ కూడా అయ్యాడు. 1944 మార్చిలో బెథెస్డా నౌకాదళ ఆసుపత్రిలో కుర్ర గుండె డాక్టరు బ్రూయెన్ చూసేసరికి రూజ్‌వెల్ట్ బీపీ 186/108, గుండె చేతులెత్తేసే స్థితి. పత్రికలవాళ్ళకి మాకింటైర్ మాత్రం వయసుకి తగ్గట్టు బాగానే ఉన్నాడని చెప్తూ వచ్చాడు. 1945 ఏప్రిల్ 12న రోగి పోయాడు, ఆ తర్వాత కేస్ షీట్ బెథెస్డా బీరువాలోంచి మాయమైంది. బ్రూయెన్ తను చూసింది అచ్చులో పెట్టింది 1970లో. పరంపర అంటే ఇదీ. ఇది పెట్టదలిస్తే పెట్టు, లేకపోతే ఆ అధ్యాయం తీసెయ్. నాకైతే గ్రేసన్ ఒక్కడే చాలు.

ఏ పబ్లిషరుకి పంపాలి, ముందుమాట ఎవరిచేత రాయించాలి అని అడిగావు. ఇప్పుడే వద్దు. పేరు మాత్రం మార్చు, ధన్వంతరిని వదిలెయ్. మళ్ళీ రాశాక వాట్సాప్‌లో పంపకు, నా కళ్ళకి ఆ అక్షరాలు ఆనవు. ప్రింటు తీసి పోస్టులో పంపు, అంచులు బాగా వదులు, నాకు రాసుకోవడానికి చోటుండాలి.

ఇంకొకటి. 31వ పేజీలో ఐక్ హూవర్నీ, తర్వాత అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్నీ ఒక్కరే అనుకున్నావు. వేరువేరు మనుషులు. దిద్దు.

ఇట్లు
మీ మాస్టారు