మూత తియ్యకుండా పరమాణువు పాఠం

అమ్మాయీ,

తొమ్మిదో తరగతిలో పరమాణు నిర్మాణం మొదలుపెట్టే ముందు రెండు పీరియడ్లు ఒక మూసిన గొట్టానికి కేటాయించు; కనబడని లోపలి అమరికను బయటి నుంచే ఎలా ఊహించాలో పిల్లలకు దాంతో తెలుస్తుంది. పరమాణువు లోపల ఎలా ఉంటుందో ఊహించిన శాస్త్రవేత్తలు థామ్సన్, రూథర్‌ఫర్డ్, బోర్ ఆ తర్వాత వస్తారు.

30 సెం.మీ. పొడవున్న రెండంగుళాల పీవీసీ పైపు తీసుకో. పై అంచుకు 5 సెం.మీ. దిగువన ఎదురెదురుగా రెండు బెజ్జాలు, కింది అంచుకు అంతే ఎగువన మరో రెండు పెట్టు. 70 సెం.మీ. నైలాన్ తాళ్లు రెండు కావాలి. ఒకటి పై బెజ్జాల్లో దూర్చి, దాని నడుమను మడతగా కిందికి లాగు. ఆ మడతలోంచి రెండో తాడు పోనిచ్చి, కొసల్ని కింది బెజ్జాల్లోంచి బయటికి తియ్యి. నాలుగు కొసలకూ పూసలు కట్టి, పైపుకు రెండు వైపులా మూతలు బిగించు. బెజ్జాల అంచులు గరుకుకాగితంతో రుద్దడం మరవకు. తాడు అక్కడ పట్టేస్తే పిల్లలు దాన్ని కూడా లోపలి అమరికే అనుకుంటారు.

తరగతిలో ఒక కొస లాగు, మరోటి లాగు. ఏది లోపలికి పోయిందో రాసుకోమను. తర్వాత ఐదు నిమిషాలు, లోపల తాళ్లు ఎలా ఉన్నాయో ఎవరి బొమ్మ వాళ్లు గీయాలి. ముందే మాట్లాడుకోనిస్తే గట్టిగా మాట్లాడేవాడి బొమ్మే అందరి పుస్తకాల్లోకీ ఎక్కుతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, పాఠం చెడేది అక్కడే. “మీ బొమ్మ నిజమైతే, మనం ఇంకా చెయ్యని పని చేస్తే ఏమవ్వాలి?” అని అడుగు. జవాబు ముందే కాగితం మీద రాయించు. నాలుగు తాళ్లూ నడుమ ఒకే ముడి అన్న జట్టు ఉంటుందనుకో. కింది కొసలు రెండూ బయటికి బిగలాగి పట్టుకుని పై ఎడమ కొస లాగమను. ముడే ఉంటే ఏ కొసా కదలకూడదు. కానీ పై కుడి కొస హాయిగా లోపలికి జారుతుంది. ఆ బొమ్మ మార్చుకోవాల్సిందే.

మర్నాడు బట్టల దుకాణంలో దొరికే అట్టగొట్టాలతో తమ బొమ్మను తామే తయారుచేయించు. ఒకరు తాళ్లను మెలేస్తారు, ఇంకొకరు రెండింటినీ ఒక రింగులో దూరుస్తారు. బయటికి రెండూ ఒకేలా పనిచేస్తాయి. ఏది సరైనదని అడుగుతారు, చెప్పకు, మూతా తియ్యకు. పరమాణువుకు తీసే మూత లేదు కదా. 1904లో థామ్సన్ గీసిన బొమ్మలో ధనావేశం పరమాణువంతా పరుచుకుని ఉంటుంది; దాని ప్రకారం పల్చటి బంగారు రేకు మీదికి వదిలిన ఆల్ఫా కణాలు (ధనావేశమున్న వేగమైన కణాలు) వెనక్కి తిరిగి రాకూడదు. 1909లో కొన్ని వచ్చాయి, 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణువు నడుమ ధనావేశమంతా ఒకచోట ఉన్న చిన్న కేంద్రకాన్ని ప్రతిపాదించాడు. ఈ వరుస చెబితే పిల్లలు వెంటనే తమ గొట్టం వైపు చూస్తారు.

మార్కులు ముందు రాసిన జోస్యానికీ, అది తప్పితే బొమ్మ ఎందుకు మార్చారో రాసిన రెండు వాక్యాలకూ వెయ్యి. నీ గొట్టంతో సరిపోలినందుకు మాత్రం వెయ్యకు.