ఒకే ర్యామ్, ఒకే కోర్లు, రేటు మాత్రం నాలుగింతలు ఎందుకు? వీపీఎస్ మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: మూడేళ్ళుగా ఓ వర్డ్‌ప్రెస్ సైటు నడుపుతున్నానండీ, షేర్డ్ హోస్టింగ్‌లోనే (ఒకే సర్వర్ మీద చాలామంది సైట్లు) ఉంది. ఈమధ్య సాయంత్రాలు సైటు పాకుతోంది, అడిగితే మీ లిమిట్ దాటిపోయింది వీపీఎస్‌కి (పెద్ద సర్వర్‌లో మనకంటూ విడిగా ఇచ్చే ఒక భాగం) మారండి అంటున్నారు. సరే అని వెతికితే అందరూ 2 కోర్లు, 4 జీబీ ర్యామ్ అనే రాస్తున్నారు, రేటు చూస్తే ఒకరి దగ్గరకీ ఇంకొకరి దగ్గరకీ నాలుగింతలు తేడా. ఆ తేడా ఎక్కడుంది? దేన్ని చూసి ఎంచుకోవాలి? ఈ సర్వర్ల మీద నడిచే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నాకు అంతంతమాత్రమే.

జవాబు: మీ ఆఖరి వాక్యంతోనే మొదలుపెడతా, ఎందుకంటే సగం తేడా అక్కడే ఉంది. చవక ప్లాన్లు చాలావరకు అన్‌మేనేజ్డ్, అంటే మెషీన్ ఆన్‌లో ఉంచడం, నెట్‌వర్క్ ఇవ్వడం వరకే వాళ్ళ పని, మిగతాదంతా మీదే. అప్‌డేట్లు, ఫైర్‌వాల్, డేటాబేస్ ఆగిపోతే లేపడం, హ్యాక్ అయితే శుభ్రం చేసుకోవడం, అన్నీ. మేనేజ్డ్ అంటే ఇందులో కొంత వాళ్ళు చూస్తారు, ఎంతవరకు చూస్తారన్నది ఒక్కొక్కరి దగ్గర ఒక్కోలా ఉంటుంది కాబట్టి డబ్బు కట్టకముందే మెయిల్ పెట్టి అడగండి: "రాత్రి డేటాబేస్ ఆగిపోతే మీరు లేపుతారా?" అని సూటిగా అడగండి. వాళ్ళు ఎన్ని గంటలకి జవాబిచ్చారు, అడిగినదానికే చెప్పారా లేక ఏదో రెడీమేడ్ మెసేజ్ పంపారా, దాన్నిబట్టే వాళ్ళ సపోర్ట్ ఎలాంటిదో చాలావరకు తెలిసిపోతుంది.

మిగతా సగం తేడా పక్కవాళ్ళ దగ్గరుంది. వీపీఎస్ అంటే ఒక పెద్ద మెషీన్‌ని ముక్కలు చేసి అమ్మడమే కదా, మామూలు ప్లాన్లలో ఆ 2 కోర్లు మీ ఒక్కరికే అని రాయరు, అవే కోర్ల మీద ఇంకా చాలామంది ఉంటారు. ఇలా ముక్కలు చేసే పద్ధతుల్లో కేవీఎం మీద నడిచేదైతే మీ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటిది) మీకుంటుంది, ఓపెన్‌వీజెడ్ లాంటి కంటెయినర్ పద్ధతి అయితే కెర్నెల్ అందరికీ ఒకటే, మీరు మార్చుకోలేరు. కేవీఎం 2007లోనే లైనక్స్ కెర్నెల్‌లో కలిసిపోయింది, ఇప్పుడు చాలామంది ఇచ్చేది అదే, మీరూ అదే తీసుకోండి. కానీ కేవీఎం అన్నంత మాత్రాన సీపీయూ మీ సొంతమైపోదు, అది కావాలంటే డెడికేటెడ్ కోర్ అని స్పష్టంగా రాసిన ప్లాన్ చూడాలి, రేటు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

నాకిది ఎలా తెలిసిందో చెప్తా. చాలా చవగ్గా వచ్చిందని ఓ సర్వర్ తీసుకున్నా, మొదటి వారం బ్రహ్మాండంగా నడిచింది, తర్వాత రోజూ రాత్రి 8 దాటితే ఒక్కో పేజీ 6, 7 సెకన్లు తీసుకోవడం మొదలైంది. నా కోడ్‌లోనే తప్పుందనుకుని మూడు రాత్రులు ప్లగిన్లు ఒక్కొక్కటే తీసేస్తూ కూర్చున్నా. చివరికి సర్వర్‌లో ఏం నడుస్తోందో చూపించే టాప్ (top) కమాండ్ కొట్టి చూస్తే మూడో లైను చివర్లో ఎస్‌టీ (st) అని ఒక అంకె ఉంటుంది చూడండి, అది 34 శాతం దగ్గర ఉంది. దాన్నే స్టీల్ టైమ్ అంటారు, అంటే మన మెషీన్ పని చెయ్యడానికి సిద్ధంగా ఉన్నా ఆ సమయంలో అసలు సీపీయూ వేరేవాళ్ళ పనిలో ఉందన్నమాట. అంటే నా కోడ్‌లో తప్పేమీ లేదు. ఆ అంకె సున్నా దగ్గరే ఉండాలి, ఎప్పుడో ఒకసారి 1, 2 వస్తే పర్లేదు, గంటలకొద్దీ 10 దాటి ఉందంటే వెళ్ళిపోవడమే. అదే లైన్లో డబ్ల్యూఏ (wa) అని ఇంకోటుంటుంది, అది సీపీయూ డిస్క్ కోసం ఎదురుచూసే సమయం, మీ సైటు మీద పెద్ద లోడేమీ లేకపోయినా అది ఎక్కువుంటే డిస్క్ నెమ్మది అని అర్థం, ప్లాన్ పేజీలో ఎన్‌వీఎంఈ (వేగమైన డిస్క్ రకం) అని రాసున్నా సరే.

అందుకే ఎవర్నీ మొదటిరోజే ఏడాదికి తీసుకోవద్దు, డిస్కౌంట్ ఎంతున్నా సరే. గంటల లెక్కన గానీ నెల లెక్కన గానీ ఇచ్చేవాళ్ళని ఇద్దర్ని తీసుకుని మీ సైటు కాపీ రెండుచోట్లా పెట్టి, మీకు ట్రాఫిక్ ఎక్కువుండే ఆ సాయంత్రం టైములోనే కొలవండి, తెల్లవారుజామున కొలిస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి.

డేటాసెంటర్ మీ విజిటర్లకి దగ్గర్లో ఉండాలి, మీకు కాదు. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, కాబట్టి 8000 కిలోమీటర్ల దూరమైతే వెళ్ళి రావడానికే కనీసం 80 మిల్లీసెకన్లు, పైగా పేజీ తెరుచుకునేలోపు అలాంటి రాకపోకలు చాలాసార్లు జరుగుతాయి, ఎంత మంచి సీపీయూ ఉన్నా ఈ టైము తగ్గదు. బ్యాండ్‌విడ్త్ గురించి మీలాంటి సైటుకి పెద్దగా దిగులక్కర్లేదు, కాకపోతే లిమిట్ దాటితే స్పీడ్ తగ్గిస్తారా బిల్లు వేస్తారా అన్నది మాత్రం చూసుకోండి. 99.9 శాతం అప్‌టైమ్ గ్యారంటీ అంటే నెలకి 43 నిమిషాలు ఆగినా మాట తప్పినట్టు కాదు, అంతకుమించి ఆగినా మామూలుగా బిల్లులో కొంత తగ్గిస్తారు గానీ మీకు జరిగిన నష్టం ఇవ్వరు.

బ్యాకప్ దగ్గర మాత్రం దయచేసి నా మాట వినండి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటాసెంటర్‌లో మంటలు లేచి ఒక భవనం మొత్తం కాలిపోయింది. వేరేచోట కాపీ ఉన్నవాళ్ళు మళ్ళీ నిలబెట్టుకున్నారు, సర్వరూ బ్యాకపూ రెండూ అక్కడే ఉన్నవాళ్ళకి ఏమీ మిగల్లేదు. ప్రొవైడర్ ఇచ్చే స్నాప్‌షాట్ (ఆ క్షణానికి సర్వర్ మొత్తం కాపీ) మంచిదే, వాడుకోండి, కానీ రోజూ ఒక కాపీ ఇంకో కంపెనీ దగ్గరకో మీ ఇంట్లో డిస్క్‌లోకో రావాలి, నెలకోసారి దాన్ని ఖాళీ సర్వర్ మీద ఎక్కించి సైటు లేస్తోందో లేదో చూడాలి. ఇది అలవాటైతే ఏ ప్రొవైడర్ నచ్చకపోయినా ఒక్క మధ్యాహ్నంలో మారిపోవచ్చు, అప్పుడు ఎంచుకోవడం గురించి ఇంత భయమూ ఉండదు.

ప్రశ్న: టెస్టింగ్ అయిపోయిందని సర్వర్ ఆఫ్ చేసి పెట్టానండీ, అయినా బిల్లొచ్చింది. ఇది అన్యాయం కాదా?

జవాబు: బాధగానే ఉంటుంది, కానీ చాలాచోట్ల రూలే అంత. ఆఫ్‌లో ఉన్నా ఆ డిస్కూ ఐపీ అడ్రసూ మీ పేరు మీదే ఉంటాయి, చాలామంది ర్యామ్, కోర్లకి కూడా అలాగే లెక్కేస్తారు. కావలసింది డౌన్‌లోడ్ చేసుకుని సర్వర్‌ని పూర్తిగా డిలీట్ చెయ్యండి, స్నాప్‌షాట్లూ విడిగా తీసుకున్న ఐపీలూ ఏమైనా మిగిలాయేమో కూడా చూడండి, వాటికి వేరే మీటర్ తిరుగుతూ ఉంటుంది.

ప్రశ్న: కొత్త వీపీఎస్ నుంచి మెయిల్స్ అసలు పోవట్లేదు. సెట్టింగ్స్ పదిసార్లు చూశాను.

జవాబు: సెట్టింగ్స్ వదిలెయ్యండి, ముందు పోర్ట్ 25 (సర్వర్ నుంచి మెయిల్ బయటికెళ్ళే దారి) తెరిచుందో లేదో ప్రొవైడర్‌ని అడగండి. స్పామ్ భయంతో కొత్త అకౌంట్లకి చాలామంది దాన్ని మూసే ఉంచుతారు, కొందరు అడిగితే తెరుస్తారు, కొందరు అడిగినా తెరవరు. తెరిచినా మీకొచ్చిన ఐపీని ఇంతకుముందు ఎవరో స్పామ్‌కి వాడి ఉంటే మెయిల్ నేరుగా స్పామ్ ఫోల్డర్‌లోకే పోతుంది. పాస్‌వర్డ్ రీసెట్ లాంటి మెయిల్సే అయితే మెయిల్ పంపే సర్వీస్ ఒకటి తీసుకుని పోర్ట్ 587 మీద కలపండి, సాధారణంగా అరగంట పని.