యూఎఫ్ మెంబ్రేన్ మూసుకుపోతోందా? ముందు యాసిడ్ పోయకండి

ప్రశ్న: చీజ్ తీశాక మిగిలే వే నీళ్లని యూఎఫ్ (అల్ట్రాఫిల్ట్రేషన్, అంటే మెంబ్రేన్ అనే అతి సన్న జల్లెడతో వడకట్టే) ప్లాంట్‌లో చిక్కబరుస్తున్నాం. రెండు గంటలకే పర్మియేట్ (మెంబ్రేన్ దాటి బయటికొచ్చే నీళ్లు) సగానికి పడిపోతోంది. ఉప్పు పొర కట్టిందని కెమికల్ డీలర్ చెప్తే రోజూ ముందు యాసిడ్‌తోనే కడుగుతున్నాం, ప్రెషర్ కూడా పెంచాం. లాభం లేదు. మెంబ్రేన్ మార్చేయాలా?

జవాబు: ఇప్పుడే వద్దండి. మీరు చెప్పేదాన్ని బట్టి అసలు గొడవ ఉప్పు కాదు, ప్రొటీన్. ప్రొటీన్ మీద ముందే యాసిడ్ పోస్తే పీహెచ్ 4.6 దగ్గర కేసిన్ అనే పాల ప్రొటీన్ విరిగి గడ్డకట్టి, పొర ఇంకా బిగుసుకుంటుంది. ప్రెషర్ పెంచితే ఆ పొరని మీరే మెంబ్రేన్‌కి అదిమినట్టు, కాబట్టి తగ్గించండి, కంపెనీ చెప్పిన లిమిట్ లోపల ఫ్లో పెంచండి.

రన్ ఆపిన వెంటనే, ఆరనివ్వకుండా, 50 డిగ్రీల మెత్తటి (కఠినత్వం లేని) నీళ్లతో తెల్లదనం పోయేదాకా తోయండి. తర్వాత ఆల్కలీ (క్షారం), పీహెచ్ 10.5 నుంచి 11, అదే 50 డిగ్రీలు, 30 నిమిషాలు, ప్రెషర్ తక్కువ ఫ్లో ఎక్కువ. మురికి ఆల్కలీని తినేస్తుంది కాబట్టి మధ్యలో పీహెచ్ చూసి సరిచేయాలి, మొదట వచ్చే మురికి ద్రావణం పారబోయాలి. మొండి పొరైతే ప్రొటీయేజ్ (ప్రొటీన్‌ని ముక్కలు చేసే) ఎంజైమ్ డిటర్జెంట్, పీహెచ్ 9-10లో 45 నిమిషాలు. బాగా కడిగాకే యాసిడ్, పీహెచ్ 2 దగ్గర 20 నిమిషాలు, అది కాల్షియం ఫాస్ఫేట్ అనే ఉప్పు పొర కోసం.

క్లోరిన్ విషయం జాగ్రత్త. మీ మెంబ్రేన్ పాలీఈథర్‌సల్ఫోన్ అనే ప్లాస్టిక్‌ది అయ్యి, డేటా షీట్ ఒప్పుకుంటేనే 150 పీపీఎం, అదీ ఆల్కలీలోనే. ఆర్‌ఓ ప్లాంట్లలో వాడే పాలీఅమైడ్ మెంబ్రేన్‌కి అసలు వద్దు. క్లోరిన్ యాసిడ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది, మధ్యలో నీళ్లతో కడగడం మానొద్దు.

ఇక నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, కడిగాక ఉత్త నీళ్లు నడిపి, ప్రతిసారీ అదే టెంపరేచర్ అదే ప్రెషర్ దగ్గర గంటకి ఎన్ని లీటర్లు వస్తున్నాయో రాయండి, కొత్త మెంబ్రేన్ అంకెతో పోల్చండి. ఈ అంకె లేకుండా కడగడం అయిందో లేదో మీకే తెలియదు, డీలర్‌కి ఎలా తెలుస్తుంది? పైపులు కడిగే మందులు మెంబ్రేన్‌కి అంటగట్టేవాళ్లున్నారు, వాటిలో క్యాటయానిక్ సర్ఫాక్టెంట్ (ధనావేశం ఉండే సబ్బు లాంటి పదార్థం) ఉంటే మెంబ్రేన్ శాశ్వతంగా పాడవ్వచ్చు, లేబుల్ అడిగి చదవండి.

వేలో కేసిన్ నలుసులు, కొవ్వు ముందే తీస్తున్నారా? తీయకపోతే ఎంత కడిగినా మళ్లీ ఇదే. ఇవన్నీ సరిచేశాక కూడా నీళ్ల అంకె పెరగకపోతే అప్పుడు మార్చే మాట చూద్దాం.