రక్తపోటుకు ఆమ్లోడిపిన్ మేలా, టెల్మిసార్టాన్ మేలా?

రక్తపోటును తగ్గించే శక్తిలో ఈ రెండు మందులూ దాదాపు సమానమే కాబట్టి, ఏది వాడాలన్నది రోగికి ఉన్న ఇతర సమస్యలను బట్టి తేలుతుంది.

ఆమ్లోడిపిన్ రక్తనాళాల గోడల్లోని కండరకణాలలోకి కాల్షియం చేరకుండా అడ్డుకొని, నాళాలను వదులు చేస్తుంది. దీని ప్రభావం రోజంతా నిలుస్తుంది. అయితే కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. దానిని చూసి కిడ్నీలు పాడయ్యాయని కంగారుపడేవారు చాలామందే ఉన్నారు గానీ, సాధారణంగా అది సన్నని రక్తనాళాల నుంచి ద్రవం బయటికి ఊరడం వల్ల వచ్చే వాపు. అందుకే మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలతో అది పెద్దగా తగ్గదు. మోతాదు తగ్గించడమో, టెల్మిసార్టాన్‌ను జతచేయడమో ఎక్కువగా ఫలిస్తుంది.

నాళాలను బిగించే యాంజియోటెన్సిన్ అనే హార్మోను పనిని టెల్మిసార్టాన్ ఆపుతుంది. మధుమేహంతోపాటు మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతున్నవారికి నా మొగ్గు దీనివైపే. గర్భిణులు మాత్రం దీనిని వాడకూడదు. మొదలుపెట్టిన కొన్ని వారాలకు రక్తంలో పొటాషియం, కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్ పరీక్షించుకోవాలి.

రామిప్రిల్ అనే మరో రక్తపోటు మందు కూడా ఇదే దారిలో పనిచేస్తుంది గానీ, కొందరికి పొడిదగ్గు తెప్పిస్తుంది. 2008లో వెలువడిన ఆన్‌టార్గెట్ అధ్యయనంలో గుండెజబ్బుల నివారణలో టెల్మిసార్టాన్, రామిప్రిల్ రెండూ సమానంగా నిలిచాయి. రెండింటినీ కలిపి వాడినవారికి అదనపు మేలు కలగకపోగా కిడ్నీ సమస్యలు పెరిగాయి.

మూత్రం ఎక్కువగా పోయించే చవకైన మాత్ర క్లోర్‌థాలిడోన్‌నూ చిన్నచూపు చూడనక్కరలేదు. 33,000 మందికి పైగా పాల్గొన్న ఆల్‌హ్యాట్ అధ్యయనంలో (2002) గుండె వైఫల్యాన్ని నివారించడంలో అది ఆమ్లోడిపిన్ కన్నా మెరుగనిపించుకుంది.