తర్వాతి సీజన్ ఒప్పందాన్ని నమ్ముకుని ఈ అప్పు చేయకండి

ప్రశ్న: సార్, మాది మహబూబ్‌నగర్. వయసు 28. బాస్కెట్‌బాల్ ఆడతాను. ఆరు సీజన్లలో ఐదు జట్లు మారాను. ఒప్పందం ఎప్పుడూ ఒక్క సీజనుకే ఇస్తారు. గత సీజన్‌కు 5.60 లక్షలకు ఒప్పుకున్నారు. పది శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసుకున్నారు, చివరి విడత 80 వేలు ఇంకా రాలేదు. వేసవిలో రెండు నెలలు పిల్లలకు శిక్షణ ఇస్తే 30 వేలు వస్తాయి. అమ్మానాన్న, భార్య, రెండేళ్ల పాపతో ఇంటి ఖర్చు నెలకు 24 వేలు. బ్యాంకులో 1.60 లక్షలు ఉన్నాయి. జడ్చర్ల దగ్గర 9 లక్షల ప్లాటుకు లక్ష బయానా ఇచ్చాను. మిగతా 8 లక్షల్లో 5 లక్షలు ఒక ఫైనాన్స్ సంస్థ 16 శాతం వడ్డీతో నాలుగేళ్లకు ఇస్తామంటోంది. 3 లక్షలు తెలిసినవారు రెండు రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు. వచ్చే సీజన్‌కు ఒక జట్టు మాట ఇచ్చింది. ప్లాటు తీసుకోమంటారా, మ్యూచువల్ ఫండ్లలో పెట్టమంటారా?

జవాబు: రెండూ వద్దు. ప్లాటు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ ఇంట్లో ఉండవలసిన డబ్బు ఇంకా మీ దగ్గర లేదు. ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే. సీజన్‌లో సంపాదించి ఏడాదంతా తినేవాళ్లు చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందుగా మీ లెక్క మీకే చూపిస్తాను. టీడీఎస్, రావలసిన 80 వేలు తీసేస్తే ఒప్పందం మీద చేతికొచ్చింది 4.24 లక్షలు. వేసవి శిక్షణతో కలిపి 4.54 లక్షలు. ఇంటి ఖర్చు 2.88 లక్షలు పోగా మిగిలింది 1.66 లక్షలు. ఇప్పుడు అప్పు వైపు చూడండి. 5 లక్షలకు నెల వాయిదా దాదాపు 14,170 రూపాయలు. 3 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, నెలకు 6 వేలు. రెండూ కలిపి ఏడాదికి 2.42 లక్షలు కట్టాలి. గత ఏడాదిలాంటి ఏడాదిలోనే మీకు 76 వేలు తక్కువ పడుతోంది. మూడు లక్షల అసలు అప్పటికీ అలాగే ఉంటుంది. ఆ 76 వేలు ఎక్కడి నుంచి తెస్తారు? మళ్లీ ఇంకొకరి దగ్గర ప్రాంసరీ నోటు రాసే!

మీ జిల్లాలో ఇది కొత్త కథ కాదు. మేస్త్రి దగ్గర ముందు డబ్బు తీసుకుని, దాన్ని తీర్చడానికి దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీల కష్టం మీ ఇంటి పెద్దలను అడిగితే చెబుతారు. చేయబోయే పని మీద ముందే అప్పు తెచ్చుకున్నవాడికి కూలి బేరమాడే స్వేచ్ఛ ఉండదు. నెల తిరిగేసరికి 20 వేలు కట్టవలసిన ఆటగాడు కూడా మొదట పిలిచిన జట్టు ఎంత ఇస్తే అంతకు సంతకం పెడతాడు. మోకాలు నొప్పిగా ఉన్నా మైదానంలోకి దిగుతాడు.

జట్లు మారుతూ ఆడటంలో తప్పేమీ లేదు. అమెరికాలో ఇష్ స్మిత్ అక్కడి అతిపెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 13 జట్లకు ఆడాడు, అది రికార్డు. 2023లో డెన్వర్ జట్టుతో టైటిల్ కూడా అందుకున్నాడు. కానీ అక్కడ సీనియర్ ఆటగాడికి ఏడాదికి ఇచ్చే కనీస వేతనమే కోట్ల రూపాయల్లో ఉంటుంది, మూడు సీజన్ల సర్వీసుకే పెన్షన్ హక్కు వస్తుంది. దాని కిందిస్థాయి జీ లీగ్‌లో 2023-24 సీజన్ జీతం 40,500 డాలర్లు. అక్కడివాళ్లు ఎన్‌బీఏ నుంచి పది రోజుల ఒప్పందం కోసం ఎదురుచూస్తూ గడుపుతారు. 2015లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, ఎంపికైన తొలి భారతీయుడు సత్నాం సింగ్‌కు అక్కడ ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం కూడా రాలేదు. విదేశీ క్లబ్బులు జీతాలు ఎగ్గొట్టడం ఎంత మామూలైందంటే, అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య 2007లో ఇలాంటి తగాదాల కోసమే మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ పెట్టింది. మన దగ్గర యూబీఏ అనే బాస్కెట్‌బాల్ లీగ్ 2015లో మొదలై 2017 తర్వాత ఆగిపోయింది. హైదరాబాద్ స్కై అనే జట్టు కూడా అందులో ఉండేది. జట్టు ఉంటుందో లేదో తెలియని చోట ‘మాట ఇచ్చారు’ అన్నదాన్ని ఆదాయం కింద రాసుకోకూడదు. సంతకం అయ్యాక కూడా మొదటి విడత ఖాతాలో పడేదాకా ఆగండి. ఆ 80 వేలను కూడా లెక్కలోంచి తీసేయండి. ఒప్పందం కాగితం, మెయిళ్లు జతచేసి రాతపూర్వకంగా అడుగుతూ ఉండండి. వస్తే నేరుగా అత్యవసర నిధిలో వేయండి.

ఇక ఆ నిధి గురించి. నెల జీతం వచ్చేవాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలంటారు. మీకది చాలదు. సీజన్ లేని నెలల్లో మీకు మామూలుగానే ఆటమీద రాబడి లేదు. దానికి తోడు సీజన్ మధ్యలో మోకాలి లిగమెంట్ తెగిందనుకోండి. ఆపరేషన్ తర్వాత తిరిగి ఆడటానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. ఈలోగా తర్వాతి సీజన్ ఎంపికలు అయిపోతాయి. అంటే ఏడాదిన్నర పాటు ఒప్పందం డబ్బు ఉండదు. అందుకే మీకు 18 నెలల ఖర్చు కావాలి, 4.32 లక్షలు. మొదటి మజిలీ 12 నెలలు, 2.88 లక్షలు. మీ దగ్గరున్న 1.60 లక్షలకు ఇంకా 1.28 లక్షలు చేరాలి. గత సీజన్‌లా మరొక్క సీజన్ జరిగితే ఇది పూర్తవుతుంది, అప్పు లేకపోతేనే!

ఈ డబ్బు ఇంకో బ్యాంకులో పెట్టండి, దానికి యూపీఐ కలపకండి. ఒప్పందం విడత పడిన రోజే మొత్తం అక్కడికి పంపి, నెల ఒకటో తేదీన 24 వేలు ఇంటి ఖాతాలోకి తెచ్చుకోండి. మీ జీతం మీరే ఇచ్చుకోవాలి, ఇంకెవరూ ఇవ్వరు. ఈ లెక్క మీ భార్యకూ తెలిసి ఉండాలి. మీరు వేరే రాష్ట్రంలో ఆడుతున్నప్పుడు ఇల్లు నడిపేది ఆమే కదా.

బీమా మాట ఒక్కటీ మీ ఉత్తరంలో లేదు. జట్టు ఇచ్చే బీమా ఉన్నా అది ఒప్పందం ఉన్నన్నాళ్లే. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. మీ కుటుంబానికి అర్హత ఉంటే ఆసుపత్రి బిల్లుకు ఆసరా అవుతుంది, ఆగిపోయిన సంపాదనకు కాదు. సొంతంగా కుటుంబ ఆరోగ్య పాలసీ, కోటి రూపాయల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. పాత గాయాలు, ఆపరేషన్లు ఉంటే దరఖాస్తులో ఒక్కటి కూడా దాచకండి. వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకునేటప్పుడు మినహాయింపుల పేజీ చదవండి. వృత్తిగా ఆడే ఆటల్లో తగిలిన గాయాలకు చెల్లించబోమని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. మీ వృత్తి స్పష్టంగా చెప్పి, వర్తిస్తుందని రాతలో తెచ్చుకున్నాకే కట్టండి. వచ్చే ఒప్పందంలో సంతకానికి ముందు, గాయపడితే మిగతా విడతలు ఇస్తారా, చికిత్స ఖర్చు ఎవరిది అని కూడా రాయించుకోండి.

టీడీఎస్ కింద పోయిన 56 వేలు మీవే. ఆదాయపు పన్ను కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు కాబట్టి గడువులోగా రిటర్న్ వేస్తే ఆ డబ్బు తిరిగి వస్తుంది. అది కూడా నిధికే.

మ్యూచువల్ ఫండ్లు, బంగారం, చిట్టీ 12 నెలల నిధి నిండాక చూద్దాం. ప్రకటన ద్వారా జరిగే రైల్వే క్రీడా కోటా నియామకాలకు వయోపరిమితి 25 కాబట్టి ఆ తలుపు మూసుకుంది. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఆరు వారాల కోచింగ్ సర్టిఫికెట్ కోర్సు నడుపుతుంది. ఖాళీ నెలల్లో అది చేస్తే వేసవి శిక్షణ రాబడి పెరగవచ్చు.

చివరిగా బయానా. లక్ష పోతుందన్న భయమే మిమ్మల్ని ఈ అప్పు వైపు నెడుతోంది. మీరు అనుకున్నట్టే అప్పు తెస్తే మొదటి ఏడాది వడ్డీయే దాదాపు 1.45 లక్షలు. బయానా మొత్తం పోయినా అంతకంటే తక్కువే. అయితే పోగొట్టుకోనక్కర్లేదు. ఒప్పంద పత్రంలో ‘కొనుగోలుదారు లేదా ఆయన సూచించినవారి పేరిట’ అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే ఇంకొకరికి అప్పగించి మీ లక్ష తెచ్చుకోవచ్చు. వెంచర్‌కు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు ఉందో లేదో కూడా వాకబు చేయండి. ఉండవలసి ఉండీ లేకపోతే, బయానా తిరిగి ఇమ్మని గట్టిగా అడగడానికి మీకు ఆధారం దొరికినట్టే. రిజిస్ట్రేషన్ గడువు ముగిసేదాకా ఆగకుండా ఈ వారంలోనే పత్రం తీసుకుని మహబూబ్‌నగర్‌లో ఒక న్యాయవాదికి చూపించండి. ఫైనాన్స్ సంస్థ ఫోన్ చేస్తే మాత్రం అక్కర్లేదని చెప్పి పెట్టేయండి.