చందా బాకీ పేరుతో వైద్యుల సంఘం నుంచి తొలగించారు, కోర్టుకు వెళ్లవచ్చా?

ప్రశ్న: కోస్తా ఆంధ్రలోని ఒక పట్టణంలో పిల్లల డాక్టరును. మా ఊరి వైద్యుల సంఘంలో 16 ఏళ్లుగా ఉన్నాను. ఒక టీకా ట్రయల్‌కు సభ్యులంతా తమ దగ్గరికి వచ్చే పిల్లలను పంపాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టారు. పిల్లలకు ఏమైనా అయితే బాధ్యత ఎవరిదని అడిగాను. 'మీరు రెండేళ్ల చందా బాకీ. మిమ్మల్ని ఎప్పుడో తొలగించాం, మీకు ఓటు లేదు' అని కార్యదర్శి అందరి ముందూ అన్నారు. తీర్మానం 41–22తో నెగ్గింది. మర్నాడు తొలగింపు ఉత్తరం చేతికిచ్చారు. ఇది జరిగి రెండేళ్ల ఎనిమిది నెలలైంది. ఐదు ఉత్తరాలు రాసినా జవాబు లేదు. ఒక ఏడాది చందా అప్పటి కోశాధికారికి నగదుగా ఇచ్చాను, రసీదు తీసుకోలేదు. పాత రసీదు పుస్తకంలో ఖాళీ కాగితం ఉందని, ఆ ఏడాది తేదీ వేసి రాసిస్తానని ఆఫీసు గుమాస్తా అంటున్నాడు. తీర్మానం రద్దు చేయించి నా పరువు నిలబెట్టుకోవడం ఎలా?

సమాధానం: డాక్టర్ గారూ, మీరు పదకొండు పేజీలు రాశారు. ఏడు పేజీలు ట్రయల్ గురించి, మూడు ఆ రోజు అవమానం గురించి. మీ కేసును తేల్చే మాట చివరి పేజీలో ఉంది: 'నాకు నోటీసు ఏదీ రాలేదు.'

మీరు పంపిన బైలాలు చదివాను. చందా ఏడాదికి మించి బాకీ పడితే కార్యదర్శి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, 30 రోజుల గడువు ఇవ్వాలి. అప్పటికీ కట్టకపోతేనే కార్యవర్గం తీర్మానం చేసి తొలగించాలి. బాకీ పడగానే సభ్యత్వం దానంతటదే పోతుందని ఎక్కడా లేదు. కాబట్టి మీరు బాకీ ఉన్నారా లేదా అన్నది తర్వాతి సంగతి. నోటీసు పంపారా, ఏ అడ్రసుకు పంపారు, ఎలా పంపారు అన్నదే ముందు తేలాలి.

ఇక్కడే మీరు మీ కేసును మీరే బలహీనం చేసుకున్నారు. క్లినిక్ మార్చి నాలుగేళ్లయిందని, సంఘానికి కొత్త అడ్రసు ఇవ్వలేదని మీరే రాశారు. రిజిస్టరులో ఉన్న అడ్రసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఉంటే, ఆ ఉత్తరం చేరినట్లే కోర్టు మొదట అనుకుంటుంది. చేరలేదని చూపే భారం మీ మీద పడుతుంది. రోగి అడ్రసు, ఫోన్ నంబరు లేకుండా కేస్ షీట్ తెరవని మీరు మీ సొంత అడ్రసు విషయంలో ఇంత నిర్లక్ష్యంగా ఎలా ఉన్నారు? రసీదు లేకుండా నగదు ఇవ్వడం ఇంకో తప్పు. ఆ కోశాధికారి సాక్ష్యం చెబితే తప్ప ఆ డబ్బు సంగతి కోర్టులో నిలవదు.

మీకు పనికొచ్చే కాగితం ఒకటుంది, దాన్ని మీరు పట్టించుకోలేదు. తొలగించామని వాళ్లు చెప్పే తేదీకి రెండు నెలల తర్వాత, సభ్యుల రాయితీ ధరకే మీ దగ్గర సీఎంఈ (డాక్టర్ల నిరంతర వైద్య శిక్షణ) ఫీజు తీసుకుని రసీదు ఇచ్చారు. నిజంగా అప్పటికే తొలగించి ఉంటే సభ్యుడి ధర ఎందుకు తీసుకున్నారు? తొలగింపు తీర్మానం తర్వాత రాసి వెనకటి తేదీ వేశారేమో అని అడగడానికి ఇది గట్టి ఆధారం. అసలు రసీదును భద్రంగా ఉంచండి. సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ రోజుల్లో మీ పేరు ఉన్న సందేశాలను చెరపకండి, ఆ ఫోన్ మార్చకండి. వాటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. ఉత్త స్క్రీన్‌షాట్లు చాలవు.

గుమాస్తా ఇస్తానన్న రసీదు జోలికి పోవద్దు. ఎంత ఆశగా ఉన్నా వద్దు. పాత తేదీతో రసీదు పుట్టించి కోర్టులో పెడితే సివిల్ తగాదా కాస్తా ఫోర్జరీ కేసవుతుంది. దాన్ని బలపరుస్తూ అఫిడవిట్ ఇస్తే తప్పుడు సాక్ష్యం కూడా తోడవుతుంది. ఆ పుస్తకం ఆడిటర్ చూసే ఉంటాడు, ఆ ఏడాది నగదు పద్దులో ఆ నంబరు ఉండదు. ఒక్క పూటలో దొరికిపోతారు. అప్పుడు మీ నిజమైన సీఎంఈ రసీదును కూడా ఎవరూ నమ్మరు. ఆ మాట అతనితో మళ్లీ ఎత్తకండి, ఫోన్లో అసలే వద్దు.

కాలపరిమితి చూద్దాం. ఇలాంటి వాటికి మూడేళ్లు. తొలగించిన సంగతి మీకు తెలిసింది సమావేశం రోజున కాబట్టి లెక్క అప్పటి నుంచి. అవతలివాళ్లు తొలగింపు తీర్మానం తేదీ నుంచే లెక్కపెట్టాలని వాదిస్తారు, అలా చూస్తే మీకు మిగిలింది నాలుగు నెలలు కూడా కాదు. మీరు రాసిన ఐదు ఉత్తరాలు ఒక్క రోజును కూడా కలపవు. జవాబు కోసం ఎదురుచూస్తే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు, ఆగదు.

మీ సంఘం ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదైంది. సెక్షన్ 23 ప్రకారం సభ్యుల మధ్య తగాదాను జిల్లా కోర్టుకు దరఖాస్తుగా తీసుకెళ్లవచ్చు, లేదా ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు) వెళ్లవచ్చు. మీ బైలాల్లో ఆర్బిట్రేషన్ నిబంధన లేదు కాబట్టి జిల్లా కోర్టే మంచిది. హైకోర్టులో రిట్ వేయమని ఎవరైనా చెబితే వినకండి. రిట్ ముఖ్యంగా ప్రభుత్వ సంస్థల మీద వేసేది, ఇది ప్రైవేటు సంఘం. ఉన్న నాలుగు నెలలూ అక్కడే కరిగిపోతాయి.

కోర్టును అడగాల్సింది ట్రయల్ తీర్మానం రద్దు కాదు. 41–22లో మీ ఒక్క ఓటు కలిసినా ఫలితం మారదు. తొలగింపు చెల్లదని, మీరు సభ్యుడిగానే ఉన్నారని ప్రకటించమని అడగండి. మధ్యంతర ఉత్తర్వుగా సంఘం రాబోయే ఎన్నికల్లో ఓటు వేయనివ్వాలని అడగండి. మినిట్స్ బుక్, తపాలా పంపిన రిజిస్టరు, పోస్టల్ రసీదు కోర్టు ముందు పెట్టించమని వేరే దరఖాస్తు వేయించండి. ఈలోగా బాకీ మొత్తానికి డీడీ తీసి, నా హక్కులకు భంగం లేకుండా కడుతున్నానని రాసి స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్‌తో పంపండి. వెనక్కి వస్తే కవరు విప్పకుండా దాచండి. సంఘం ఏటా దాఖలు చేసిన పత్రాల సర్టిఫైడ్ కాపీలకు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కట్టండి.

ట్రయల్ గురించి మీరు అడిగింది సరైన ప్రశ్న, అడగాల్సిన చోటు మాత్రం అది కాదు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం అనుమతి ఇచ్చేది కేంద్ర లైసెన్సింగ్ అధికారి, పర్యవేక్షించేది నమోదైన ఎథిక్స్ కమిటీ. ఊరి సంఘం తీర్మానానికి అక్కడ ఏ విలువా లేదు. ఆ తీర్మానం చూపించి మిమ్మల్ని ఒక్క పిల్లవాడిని పంపమని కూడా ఎవరూ నిర్బంధించలేరు. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ) టీకా ప్రాజెక్టులో తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన సంగతి మీరు గుర్తుచేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. అలాంటిది మీ ఊళ్లో జరుగుతోందని ఆధారం ఉంటే, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఆ ట్రయల్ నంబరు చూసి ఎథిక్స్ కమిటీకి, సీడీఎస్‌సీఓకు (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు) విడిగా ఫిర్యాదు చేయండి. పిల్లల పేర్లు, కేస్ షీట్లు గ్రూపుల్లో పెట్టకండి. దీన్ని సభ్యత్వం కేసులో కలపకండి, కలిపితే రెండూ పలచబడతాయి.

వకాలతు మీద సంతకం పెట్టే ముందు ఈ వారంలోనే మీ పాత క్లినిక్ ఇంటి ఓనరును కలవండి. తొలగించామంటున్న తేదీకి ముందు రెండు నెలల్లో మీ పేరుతో కవరు ఏదైనా వచ్చిందా, వస్తే ఎవరు తీసుకున్నారు, సంతకం ఎవరు పెట్టారు, అడగండి. రాలేదని ఆయన కోర్టులో చెప్పగలిగితే ఆయనే మీ మొదటి సాక్షి. వచ్చి ఉంటే ఆ సంగతి ప్రతివాదుల కంటే ముందు మీ లాయరుకు తెలియాలి.