పార్క్‌లో పెట్టినా బండి జారుతోందా? గేరు కేబుల్ బుష్ చూడండి

ప్రశ్న: మాది విశాఖ, గాజువాక. అమెరికా వచ్చి మూడు నెలలైంది. పన్నెండేళ్ల పాత ఆటోమేటిక్ కారు కొన్నాను. గేరు లీవరు పట్టు లేకుండా ఊగుతోంది, పార్క్ (బండి నిలిపి ఉంచే 'P' గేరు)లో ఉన్నా స్టార్ట్ కావడం లేదు. గేర్‌బాక్స్ పోయినట్టేనా?

జవాబు: తొందరపడి గేర్‌బాక్స్ మీదికి పోకండి. లీవరు ఊగుతోందంటే ముందు అనుమానించాల్సింది కేబుల్ చివరి బుష్‌ని. మన ఆటోనగర్‌లో బుష్ అనేదే అక్కడి షాపుల్లో బుషింగ్.

లీవరు నుంచి బయల్దేరిన కేబుల్ గేర్‌బాక్స్ మీదున్న చిన్న ఆర్మ్ దాకా వెళ్తుంది. కేబుల్ కన్నంలో బొటనవేలి గోరంత రబ్బరో ప్లాస్టిక్కో బుష్ ఉంటుంది, అదే ఆర్మ్ మీది గుండు పిన్నును పట్టుకునేది. ఇంజను వేడికి ఏళ్ల తరబడి ఉడికి పెళుసెక్కి పొడైపోతుంది. కేబుల్ ఊడుతుంది. లీవరు పార్క్‌కి వచ్చినా గేర్‌బాక్స్ డ్రైవ్‌లోనే ఉండిపోతుంది. పార్క్ గానీ న్యూట్రల్ గానీ కనబడితే తప్ప గేర్‌బాక్స్ స్విచ్ స్టార్టర్‌ని తిరగనివ్వదు. మీ బండి మొరాయిస్తున్నది అందుకే కావచ్చు.

అసలు ప్రమాదం దొర్లిపోవడం. సింహాచలం కొండ మీద బండి ఆపితే హ్యాండ్‌బ్రేక్ లాగి, ఫస్ట్ గేరులో వదిలి, టైరు కింద రాయి పెట్టడం మనకు అలవాటే. ఆటోమేటిక్ చేతికొచ్చాక అదంతా మరిచిపోతాం. ఇక నుంచి పార్క్‌ని నమ్మకుండా హ్యాండ్‌బ్రేక్ వెయ్యండి.

పైసా ఖర్చు పెట్టేముందు రీకాల్ ఉందేమో చూడండి. 2022లో ఫోర్డ్ ఈ బుష్ కోసమే ఎస్కేప్, ఫ్యూజన్, ఎడ్జ్ వగైరా దాదాపు 29 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది. మీ బండి గుర్తింపు సంఖ్య, అంటే 17 అక్షరాల విన్ నంబరుని అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైటులో కొట్టండి. మీ బండికి వర్తిస్తే డీలరు ఉచితంగా చేస్తాడు.

లేకపోతే మీరే చేసుకోవచ్చు. అయితే అపార్ట్‌మెంటు లీజు ఓసారి చదవండి, పార్కింగులో రిపేర్లు చేయకూడదని చాలాచోట్ల రాసి ఉంటుంది. చదునైన చోట హ్యాండ్‌బ్రేక్ వేసి, టైర్లకు ముందూ వెనకా చెక్కలు పెట్టి, ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి. చాలా కార్లలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా, ఒక్కోసారి బ్యాటరీ కూడా తీస్తేనే కేబుల్ చివర కనబడుతుంది. ఎక్కువగా 10 ఎంఎం సాకెట్టే సరిపోతుంది. బ్యాటరీ విప్పాల్సి వస్తే ముందు నెగటివ్ వైరు.

కన్నంలో అంటుకున్న పాత ముక్కలన్నీ సూదిమొన పనిముట్టుతో గీకి తీయండి. సగం మంది తప్పు చేసేది ఇక్కడే: ఒక్క ముక్క మిగిలినా కొత్తది పూర్తిగా కూర్చోదు, నెల తిరక్కుండా ఊడుతుంది. పిన్ను తుడిచి వేలితో తడమండి. అరిగి గాడి పడినా, కన్నం కోలగా సాగినా బుష్‌తో పని కాదు, కేబుల్ మొత్తం మార్చాలి. బుష్ మీ మోడల్‌కి, ఏడాదికి సరిపోయేదే కొనండి. "అన్నిటికీ పడుతుంది" అని అమ్మేవి దేనికీ సరిగ్గా పట్టవు.

కొత్త బుష్‌ని కాసేపు వేణ్ణీళ్లలో వేస్తే మెత్తబడుతుంది. సిలికాన్ గ్రీజు కొంచెమే రాసి కన్నంలోకి దూర్చండి. మామూలు గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. పైన గేర్‌బాక్స్ ఆయిలు కారుతుంటే అదీ ఆపించాలి, లేదంటే కొత్త బుష్‌నీ తినేస్తుంది.

లోపల లీవరు పార్క్‌లో పెట్టి, బయట ఆర్మ్‌నీ పార్క్ వైపు చివరి దాకా తోయండి. పార్క్ ఎప్పుడూ ఓ చివరే ఉంటుంది, ఏ చివరో రిపేర్ మాన్యువల్ చెబుతుంది. అప్పుడు కేబుల్‌ని పిన్ను మీద పెట్టి అరచేత్తో నొక్కితే టక్కుమనాలి. చప్పుడు రాకపోతే కూర్చోనట్టే. ప్లాస్టిక్ టైతో కట్టి ఇల్లు చేరడం వరకే, అది రిపేరు కాదు.

విప్పినవన్నీ బిగించాక, కాలు బ్రేకు మీదుంచి ప్రతి గేరులోనూ తాళం తిప్పి చూడండి. పార్క్‌లో, న్యూట్రల్‌లో మాత్రమే స్టార్ట్ కావాలి. రివర్స్‌లో వెనక తెల్ల లైట్లు వెలగాలి. చివరగా, ముందూ వెనకా ఎవరూ లేని చిన్న వాలులో పార్క్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వదిలి, పాదం మెల్లగా ఎత్తండి. బండి చిన్న కుదుపుతో ఆగిపోవాలి. అంతకుమించి కదిలితే వెంటనే బ్రేకు తొక్కి, కేబుల్ అడ్జస్ట్‌మెంటు కోసం మెకానిక్‌ని పిలవండి.